ఆదివారం తొమ్మిదింటికి పెళ్లి, పదకొండింటికి ఫైనలు

మాడ్రిడ్, బుధవారం.

నా కాసిల్డాకి,

చదివే ముందు చేతిలో ఉన్న వల, సూది పక్కన పెట్టు. గుచ్చుకుంటే మళ్లీ నన్నే తిడతావు.

ఫైనలు ఈరోజు తేలలేదు. చెరి రెండు గోల్స్. ఇంకో అరగంట ఆడించినా అంతే. మావాళ్లు లేవలేక గడ్డిలోనే కూలబడ్డారు. రాజుగారి కప్పు బల్ల మీదే ఉండిపోయింది. మళ్లీ ఆట ఆదివారం పదకొండింటికట. అదే ఆదివారం తొమ్మిదింటికి, అక్కడ బెర్మియోలో మన పెళ్లి.

"నేను పోతాను, నాకు పెళ్లుంది" అన్నాను. కెప్టెన్ సెరాపియో, "పోరా నాయనా, పో. గోల్లో నీ బదులు ఓ కుర్చీ వేస్తాంలే" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ అదీ నిజమే. వచ్చిందే పదకొండు మందిమి. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో రేకులు అతికి బతికేవాళ్లం, మళ్లీ ఎన్నడు ఇక్కడిదాకా వస్తాం?

అందుకే ఇక్కడి ఫాదర్ దగ్గర, ఇద్దరు సాక్షుల ముందు అధికారపత్రం రాయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దొమింగో బాబాయి నా బదులు నీ పక్కన నిలబడి, నా మాటగా "సరే" అంటాడు. మనూళ్లో దూరపు ఓడల మీద ఉన్నవాళ్లు ఇలాగేగా చేసుకుంటారు. కానీ నేను ఓడ మీద లేను, అదే నా బాధ. పోయిన అక్టోబరులోనూ ఆట కోసమే పెళ్లి వాయిదా వేశాను. నువ్వు నవ్వేశావు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఈసారి నవ్వకు, తిట్టు. వద్దంటే తంతి కొట్టు, శనివారం రైలెక్కేస్తాను.

నీ లియాండ్రో


మాడ్రిడ్, ఆదివారం పొద్దున, మైదానం గేటు దగ్గర.

ఓయ్ లియాండ్రో,

తంతి రాలేదని కంగారు పడ్డావా? పడు. అక్టోబరులో నవ్వింది నీ ముందే. ఇంటికెళ్లి, పెళ్లిబట్టల్లో ముఖం దాచుకుని ఏడ్చాను. మా అమ్మకి ముగ్గురు పిల్లలు పుట్టినప్పుడూ మా నాన్న సముద్రం మీదే ఉన్నాడు. నా బతుకూ అంతేనా అనిపించింది.

నీ ఉత్తరం పట్టుకుని మన ఫాదర్ దగ్గరికి వెళ్లి, "నా బదులు కూడా ఒక మనిషిని నిలబెడతాను" అన్నాను. "ఊళ్లోనే ఉన్న పెళ్లికూతురికి బదులు మనిషేంటమ్మా?" అన్నాడు. "ఊళ్లో ఉండను ఫాదర్, రేపు మాడ్రిడ్ పోతున్నాను. కూడదని ఎక్కడైనా రాసుందా?" అన్నాను. పాపం, గంటసేపు పుస్తకాలు తిరగేసి, "రాయలేదే!" అని తల పట్టుకున్నాడు.

నా బదులు మా బిక్టోరియానా అత్త. సార్డిన్ల బుట్ట దగ్గర గొడవపడి, ఆమెకీ మీ బాబాయికీ పదేళ్లుగా మాటల్లేవు కదా. "ఆ ముసలాడి చెయ్యి పట్టుకోమంటావా? నీ కోసం కాబట్టి పట్టుకుంటా. తర్వాత సబ్బెట్టి కడుక్కుంటా" అంది. తొమ్మిదింటికి ఇద్దరూ చేతులు పట్టుకుని "సరే", "సరే" అనే ఉంటారు. మొన్న ఫాదర్ ఇద్దరికీ మరీ మరీ చెప్పాడు, పెళ్లి మీకు కాదని.

మీ అమ్మనీ ఉండమన్నాను. "చర్చిలో కొడుకూ లేడు, కోడలూ లేదు, ఎవరి పెళ్లి చూడను?" అని ఆమ్లెట్ రొట్టెలు మూటగట్టుకుని నాతో రైలెక్కింది. దారి పొడుగునా నిన్ను తిడుతూ, ఆ రొట్టెలన్నీ నాకే తినిపించింది.

నీ మీద కోపం పోయిందనుకోకు. అది మనింటికొచ్చాక తీరిగ్గా చూసుకుందాం. కానీ నీతో పెళ్లయ్యే గంటలో నువ్వు లేని చోట ఉండటం నావల్ల కాలేదు. బదులు మనుషులు చర్చిలో ఉంటే చాలు.

ఈ చీటీ గేటు మనిషి నీకు లోపలికి తెచ్చి ఇస్తాడు. నీ గోలు వెనకే నిలబడి ఉంటాను. వెనక్కి తిరగకు, బంతి చూడు.

నీ భార్య,
కాసిల్డా