మళ్లీ ఎప్పుడొస్తావంటే

మే నెల, మంగళవారం రాత్రి

యూనివర్సిటీ వేసవి కోర్సులో భాగంగా గర్భిణుల ఆరోగ్య సర్వే కోసం ఇవాళ ఆలూరు అనే పల్లెకు వెళ్లాను. ఎనిమిదో నెల గర్భిణి లక్ష్మికి కాళ్లు వాచాయి, కళ్లు మసకబారుతున్నాయి. బీపీ చూస్తే నూట డెబ్బై దాటింది.

"ఎండలకు గట్లనే ఉంటది," అంది లక్ష్మి అత్త.

వివరాలు రాసుకొస్తే చాలని మా మేడమ్ చెప్పారు. అయినా ఆగలేక ఇద్దరినీ ఆటోలో చేవెళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ వెంటనే చేర్చుకుంది. "ఇంకో రోజు ఆగితే ప్రాణం మీదికొస్తుండె," అంది.

బయల్దేరుతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ల ఎప్పుడొస్తవు బిడ్డా? మా చిన్నకోడలు గూడ నీళ్లోసుకున్నది."

శనివారంతో కోర్సు అయిపోతుంది, ఆ తర్వాత నేను ఆలూరు వెళ్లేది లేదు. ఆ మాట చెప్పలేక, వస్తానన్నట్టు తలూపాను.

హాస్టల్లో రూమ్మేట్ సునీత జావా ప్రోగ్రామింగ్ పుస్తకం మీదే నిద్రపోయింది. నాకు నిద్ర రావడం లేదు. ఎందుకు తలూపాను?