రబాబ్ అడిగిన పనిముట్లు

దుమ్యాత్,
మంగళవారం

అమ్మా రబాబ్,

నీ బాబా సలాములు. దేవుడి దయవల్ల మీ అమ్మా నేనూ వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం. అస్వాన్‌లో నువ్వూ అల్లుడు ఇమాద్ కూడా అలాగే ఉన్నారని తెలిసి మనసు కుదుటపడింది. మీ అమ్మ నీ ఉత్తరం నాచేత మూడుసార్లు చదివించుకుంది.

మేడ మీది గదిలో వడ్రంగం మొదలుపెడతానన్నావు, ఇంట్లో పనికి ఏమేం కావాలని అడిగావు. ఇమాద్ నలభై పనిముట్లున్న పెట్టె కొనుక్కొచ్చాడని కూడా రాశావు. అతని మనసు మంచిది, ఏమీ అనకు. కానీ వాటిలో ముప్ఫై నీ చేతికి ఎప్పటికీ రావు.

అన్నిటికన్నా ముందు పని బల్ల. నీ నడుమెత్తు ఉండాలి, ఒంటి బరువంతా వేసి తోసినా కదలకూడదు. బల్ల ఊగితే ఎంత మంచి రంపమైనా దండగే. చెక్కని పట్టి ఉంచడానికి దానికి ఒక ఇనప పట్టు బిగించుకో. రంపాలు రెండు చాలు. పలకలు కోయడానికి పెద్ద పళ్లది, అతుకులకి వీపున ఇనప పట్టీ ఉన్న సన్నపళ్లది. ఉలులు మూడు, కొయ్యసుత్తి ఒకటి, మంచి చిత్రిక ఒకటి. మూలమట్టం మాత్రం కొట్లోనే పరీక్ష చేసి తీసుకో. పలక అంచుకి ఆనించి గీత గీయి, తిరగేసి అక్కడే మళ్లీ గీయి. రెండు గీతలూ ఒకటైతేనే డబ్బివ్వు. సానరాయి దగ్గర పిసినారితనం వద్దు. చెయ్యి తెగేది మొండి ఉలితోనే, పదునుది చెప్పిన మాట వింటుంది.

మీ ఊరి గాలి పొడిగా ఉంటుంది. కొన్న చెక్కని రెండు వారాలు ఆ గదిలోనే పడుకోబెట్టి, అప్పుడు కోయి. లేకపోతే చేసిన వస్తువు నీ కళ్లముందే చీలుతుంది.

నా చెయ్యి సంగతి అడిగావు. చలికాలంలో పక్షవాతం వచ్చినప్పటి నుంచీ కుడిచేతి వణుకు తగ్గలేదు. గ్లాసు ఎత్తగలను, గీత గీయలేను. ఈ వంకర అక్షరాలు ఎడమచేతివి. "చెయ్యి పడిపోయినా నోరు మాత్రం రంపంలా ఆడుతోంది," అని మీ అమ్మ పక్కింటివాళ్లకి చెబుతోంది.

ఇంతవరకూ రాయడం తేలికే.

నీ పద్దెనిమిదో ఏట, కుర్చీలు చేయగా మిగిలిపోయిన జాన్ చెక్కతో సొరుగుల పెట్టె చేశావు. నేను చూసి, సొరుగు పట్టేస్తోంది, మూలలు వదులుగా ఉన్నాయి, ఇది నీ చేతికొచ్చే పని కాదు అన్నాను. నువ్వు ఏడవలేదు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయావు. మళ్లీ ఉలి పట్టలేదు. ఆ పెట్టెని పొయ్యిలో పెట్టేశానని తర్వాత చెప్పాను.

రెండూ అబద్ధాలే తల్లీ. సొరుగు పట్టెయ్యలేదు. వేలితో తోస్తే లోపలి గాలిని ఊదుకుంటూ మెల్లగా మూసుకుంది. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న నాకు అలా కుదిరింది రెండుసార్లో మూడుసార్లో. సంతోషించాల్సినవాణ్ణి, భయపడ్డాను. ఫిక్రీని కూతురు మించిపోయిందని బజారంతా అంటుంటే నా గతేం కాను అనుకున్నాను. పెట్టెని కాల్చనూ లేదు. కైరోలో చెక్క సామాను దుకాణమున్న తలాత్ దాన్ని చూసి, ఎవరు చేశారని అడిగితే నేనే అన్నాను. అది పట్టుకెళ్లిన దగ్గర్నుంచీ పన్నెండేళ్లు నాకే పని ఇచ్చాడు. నేను చేసినవి ఎప్పుడు పంపినా, "బాగుంది ఉస్తా ఫిక్రీ, కానీ ఆ మొదటిదానిలా లేదు," అని నవ్వేవాడు.

పోయిన గురువారం నన్ను పలకరించడానికి వచ్చాడు. ఆ పెట్టెని ఇప్పటికీ అమ్మలేదట, ఇంట్లోనే ఉంచుకున్నాడట. అది విన్నాక ఇక దాచలేకపోయాను.

"అది నేను చేసింది కాదు. నా కూతురు చేసింది," అన్నాను.

తలాత్ కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ అమ్మాయికి తెలుసా, నువ్విలా చేశావని?"

"తెలీదు."

"అయితే నాకెందుకు చెబుతున్నావు ఉస్తా?"

మీ అమ్మ టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తనకీ అప్పుడే తెలిసింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడలేదు. ఈ రోజు పొద్దున కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టి "రాయి" అంది, అంతే.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. పన్నెండేళ్లు నీకు కాకుండా చేసినవాణ్ణి. పెట్టెని నీకు చేర్చమని తలాత్‌ని అడిగాను, ఒప్పుకున్నాడు. వచ్చే నెల అస్వాన్ వచ్చే లారీలో పంపుతాడు. అది వచ్చాక సొరుగు నువ్వే తెరిచి, నువ్వే మూసి చూసుకో. నీ పని గురించి ఇక నా మాట నమ్మొద్దు.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన
నీ బాబా,
ఫిక్రీ