మన ఊరికి రాని గొర్ల డాక్టర్

సూర్యాపేట,
ఆదివారం.

పెద్దక్క జంగమ్మకు తమ్ముడు సుధాకర్ దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను, సరళ, పిల్లలు బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ మనవరాలు నవ్యా బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం నవ్యే చదివి వినిపిస్తుందని తెలుసు. అమ్మా నవ్యా, చిన్నతాత పరువు కాపాడాలని మధ్యలో ఏ లైనూ మింగకు. ఉన్నదున్నట్టు చదువు.

ఎమ్మెల్యే అయి ఉండి ఫోన్ చేయక ఉత్తరమేంది అని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు అక్కా. తిన్నవా అంటావు, బక్కగైనవ్ అంటావు, ఫోన్ నవ్య చేతిలో పెట్టి పోతావు. చెప్పాల్సింది చెప్పకుండానే మిగిలిపోతుంది. నిజానికి నువ్వు మాట్లాడనిచ్చినా చెప్పేవాణ్ని కాదేమో.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. సరళ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, మెట్లు మాత్రం ఎక్కలేకపోతోంది. చాయ్‌లో చక్కెర మానేశాను, అది కూడా సరళ చూస్తున్నప్పుడే. నన్ను టీవీలో చూశానని రాయించావు. అది అసెంబ్లీలో జీరో అవర్. మునగాల దిక్కు కాల్వ చివరి పొలాలకు నీళ్లు అందడం లేదని, సాయంత్రం పూట కోదాడకు ఇంకో బస్సు వేయాలని అడిగాను. నాకిచ్చిన కాస్త టైంలో సగం స్పీకర్‌కూ మంత్రులకూ ధన్యవాదాలు చెప్పడానికే పోయింది. బస్సు సంగతి మధ్యలో ఉండగానే మైకు ఆగింది. ఆ తర్వాత నా పెదవులు కదలడం నువ్వు చూశావు గానీ, ఆ మాటలు పక్క సీటు ఆయనకు కూడా వినపడలేదు. చివరికి మంత్రి లేచి నోట్ చేసుకున్నామన్నారు. నోట్ చేసుకోవడమంటే ఏమిటో గెలిచిన ఈ రెండేళ్లలో నాకు బాగానే అర్థమైంది.

ఇక మల్లన్న బావ సంగతి. రోగానికి పోగా మీ మందలో మిగిలిన గొర్లను అమ్మేసి, నిన్ను ఊళ్లో ఉంచి మిర్యాలగూడ రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేరాడని, చింతపండు పంపుతున్నానన్న మాటకూ నవ్య పరీక్షలకూ మధ్యన చిన్న కబురులాగా రాయించావు.

మొన్న మిర్యాలగూడలో పెళ్లికి పోయి, అటునుంచి మిల్లుకు వెళ్లాను. గేటు దగ్గర వదులు ఖాకీ చొక్కాలో బావే ఉన్నాడు. కారు చూసి సెల్యూట్ కొట్టబోయి, నేనని తెలిసి చెయ్యి దించేశాడు. నాకు స్టూలు వేసి, తను బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. పుట్టినప్పటి నుంచి మంద వెంట తిరిగిన మనిషి, తిడితే బాగుండేది. మొట్టమొదట అడిగింది, మన ఊరికి గొర్ల డాక్టర్ పోస్టింగ్ అయిందా అని. ఇంకా కాలేదన్నాను.

"మనయి పోతె పోయినయ్ తియ్యి," అన్నాడు. "కాటయ్య గొర్లు, ఊర్లె ఇంకా శానామందియి ఉన్నయ్ గద. వానలు పడంగనే మల్ల చిటుకు రోగం వస్తది." మిల్లు పోరణ్ని చాయ్‌కి పంపి, "ఆ దినం మంత్రి మీ అక్కను జర లోపలికి పిలిస్తే కథ ఏరే ఉండు. పెద్దోళ్లకు మన మాట ఇనే తీరిక ఏడిది," అన్నాడు.

బావ తెప్పించిన చాయ్ తాగాను. చక్కెర ఉందో లేదో కూడా తెలియలేదు. చెప్పాల్సింది అక్కడ కూడా చెప్పలేకపోయాను.

నీ ఉత్తరంలోనూ చివరన అదే ప్రశ్న ఉంది. మిర్యాలగూడ దిక్కు తండాకు డాక్టర్ వచ్చాడట, మనకెందుకు రాలేదు, మంత్రి మమ్మల్ని ఎందుకు పిలవలేదు అని అడిగావు. అడిగి, జవాబు కూడా నువ్వే చెప్పుకున్నావు. 'గొర్లోళ్ల మాట ఆయనకేం పట్టింది, నీ తప్పేం లేదు తమ్మీ, మనసు ఖరాబు చేసుకోకు' అని. నీ ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. పశుసంవర్ధక మంత్రి సూర్యాపేట వచ్చారు. అప్పటికే చిటుకు రోగానికి మీ మంద సగం పోయింది. సాయంత్రం మేసి వచ్చిన జీవం పొద్దున దొడ్డిలో కట్టెలా పడి ఉండేది. కోదాడ నుంచి డాక్టర్ వారానికొకసారి వచ్చేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయేది. నువ్వే వచ్చి మంత్రికి చెప్పక్కా అని పిలిచింది నేనే. నీ చేత్తో వడికిన ఉన్నితో నేయించిన గొంగడి పట్టుకుని, కాటయ్యను వెంటబెట్టుకుని, మొదటి బస్సుకే దిగావు. మిమ్మల్ని గెస్ట్‌హౌస్ వెనక వరండాలో కూర్చోబెట్టి, గొంగడి తీసుకుని నేను లోపలికి పోయాను.

లోపల నాకంటే ముందు పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే ఉన్నారు. ఆయన ఒక తండా నుంచి పుష్పాబాయి అనే ఆమెను తీసుకొచ్చారు. తాను పక్కకు జరిగి, ఆమెను మంత్రి ఎదుట కూర్చోబెట్టారు. ఆమె పెద్దగా ఏమీ మాట్లాడలేదు. "ఒక్క రాత్రి మా దొడ్డి కాడ పండుండ్రి సారూ. పొద్దుగాల ఎన్ని లేస్తయో మీరే సూడుండ్రి," అంది. మంత్రి చేతిలో ఫోన్ పక్కన పెట్టారు. అధికారిని పిలిచి అడిగితే, పోస్టింగ్ ఇవ్వాల్సిన డాక్టర్లు ఇద్దరున్నారన్నాడు. ఒకరిని తండాకు వేయమని అక్కడికక్కడే చెప్పారు.

తర్వాత నా వంతు. గొంగడి కప్పాను, ఫోటోలు దిగాం. ఇక్కడి నుంచి జాగ్రత్తగా విను అక్కా. మంత్రి గొంగడిని చేత్తో తడిమి, ఉన్ని ఎవరు వడికారని అడిగారు. ఆ తర్వాత, "గొర్లోళ్లు ఎవరన్న వచ్చిండ్రా? పిలువు, వాళ్ల నోటితోనే వింట," అన్నారు.

"లేరు సార్, ఎల్లిపోయిండ్రు," అన్నాను.

నువ్వు గోడ అవతలే ఉన్నావు. మంచినీళ్లు ఎక్కడుంటాయని ఎవరినో అడుగుతున్నావు. నీ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

ఎందుకన్నానో చెప్తాను. ఎన్నికలప్పుడు మీ దొడ్డిలో, గొర్రెపిల్లను చంకనెత్తుకుని, ఆరు నెలల్లో డాక్టర్‌ను తెస్తానని ఒట్టు పెట్టాను. నువ్వు అది అందరిముందూ చెప్తావని నాకు తెలుసు. నన్ను పోరడా అని పిలుస్తావనీ తెలుసు. పక్క ఎమ్మెల్యే నవ్వుతాడని సిగ్గుపడ్డాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషిని చూసి సిగ్గుపడ్డాను. నేనే చక్కగా చెప్పొచ్చులే అనుకుని, సిబ్బంది కొరత, మౌలిక వసతులు అని ఏదేదో చదివాను. మంత్రి మళ్లీ ఫోన్ తీశారు. చూద్దాం అన్నారు. రెండో డాక్టర్ ఇంకెక్కడికో పోయాడు.

బయటికొచ్చి, మంత్రికి టైం లేదక్కా అన్నాను. నువ్వు, పొద్దటి నుంచి ఏమన్న తిన్నవా అని నన్ను అడిగావు. ఆ తర్వాత పెద్ద వానలకు ఇంకొన్ని జీవాలు పోయాయి, మిగిలినవి బావ అమ్మేశాడు. డాక్టర్ వచ్చి ఉంటే అన్నీ బతికేవని ఎవరూ చెప్పలేరు. కానీ బావ ఇవాళ మిల్లు గేటు దగ్గర ఉండడానికి కారణం మంత్రి కాదు. నీ తమ్ముడు.

మంగళవారం హైదరాబాద్‌లో మంత్రి టైం ఇచ్చారు. నీ పేరు చెప్పి అడిగాను. కారు పంపిస్తాను, రా అక్కా. నా మొహం చూసి రావద్దు, కాటయ్య మంద కోసం రా. నేను నోరు తెరవను. దొడ్డిలో నేను పెట్టిన ఒట్టు చెప్పు. ఆ రోజు నువ్వు గోడ అవతలే ఉన్నావని కూడా చెప్పు. ఇదంతా విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే ఇంట్లో తిట్టకు. అక్కడ, ఆయన ముందు తిట్టు.

ఇట్లు,
నీ వెనక నిలబడాల్సిన తమ్ముడు,
సుధాకర్