తాడుకు అవతల చౌడమ్మ

కోర్టు క్యాంపు,
12-2-1938

సాదలిలో పుట్టింట చల్లగా ఉన్న నా భాగీరథికి,

ఇక్కడ ప్లేగు ఇంకా తగ్గలేదు. ఊరు ఖాళీ చేసి అందరూ బయలులో గుడిసెలు వేసుకున్నారు. కోర్టు కూడా మా వెంటే వచ్చి ఒక గడ్డి పాకలో కూర్చుంది. కోర్టు మూసేద్దామని ప్లీడర్లు అంటే, మున్సీఫ్ గారికి నేనే ఒక ఉపాయం చెప్పాను. ఎలుకలు చచ్చిపడిన ఊళ్ళవాళ్ళు నూరు గజాల దూరంలో కట్టిన తాడుకు అవతలే కూర్చోవాలి, పేరు పిలిస్తే ఒక్కొక్కరే రావాలి. ఆయన "భేష్ మూర్తీ" అన్నారు. రెండు రోజులు నా కాళ్ళు నేలమీద నిలవలేదనుకో.

నీకు దాచిన సంగతి ఇప్పుడు చెబుతాను. పోయిన నెల పంతొమ్మిదిన బట్లహళ్ళి చౌడమ్మ దావా వచ్చింది. మొగుడు పోయాక మరిది ఆమె రాగి చేను ఆక్రమించుకున్నాడు. అది తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. జవాను పిళ్ళప్ప ఎప్పటిలాగే కోర్టు వాకిట్లో నిలబడి మూడుసార్లు పిలిచాడు. జనాన్ని దూరం జరిపాను గానీ పిలిచేవాణ్ణి కూడా జరపాలని నాకు తోచలేదు. ఆపైన ఎదురుగాలి. ఎవరూ రాలేదు. "పిలిచినా హాజరు కాలేదు" అని గుమాస్తాగా నా చేత్తోనే రాశాను. మున్సీఫ్ గారు దావా కొట్టివేశారు.

సాయంత్రం తాడు దగ్గరికి పోతే ఆమె అక్కడే ఉంది.

"సామీ, పొద్దు పొడవకముందే వచ్చి కూర్చోనుండాను. నన్నెప్పుడు పిలుస్తారు?" అంది.

నా నోట నిజం రాలేదు. "వాయిదా పడిందమ్మా, కబురు పంపిస్తాం" అన్నాను.

మళ్ళీ విచారించమని అర్జీ ఇవ్వడానికి ముప్పై రోజులే గడువు. ఇంకా ఆరు రోజులుంది. నిజం చెబితే ఆ వంకతో కోర్టే మూయిస్తారు, మిగతా బీదల దావాలూ ఆగిపోతాయి. అందుకే నోరు మూసుకున్నానని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

నీ వాసుదేవమూర్తి

సాదలి,
15-2-1938

శ్రీవారికి మీ భాగీరథి నమస్కారాలు.

జాబు చదివితే మీమీద జాలీ కోపమూ రెండూ వచ్చాయి. కోపమే ఎక్కువ. తాడు కట్టడం తప్పు కాదు, మనుషుల్ని కాపాడుకోవాలి కదా. మీ అబద్ధానికి మాత్రం ప్లేగును అడ్డం పెట్టుకోకండి. మిగతా బీదల సంగతి మున్సీఫ్ గారు చూసుకుంటారు. చౌడమ్మ సంగతి చెప్పాల్సింది మీరొక్కరే. ఇది అందగానే బట్లహళ్ళికి పొండి. సూది మందు వేయించుకున్నారుగా, భయమెందుకు? ఉద్యోగం పోయిందని రాసినా నేను ఏడవను. మా నాన్న నాలుగు రోజులు సణుగుతారు, అది మీరు పడాలి.

మీ భాగీరథి

కోర్టు క్యాంపు,
27-2-1938

నా భాగీరథికి,

పదిహేడున బట్లహళ్ళికి పోయాను. చౌడమ్మ చేలల్లో ఒక గుడిసెలో ఉంది. దావా కొట్టేశారనీ, ఆ రోజు నేను అబద్ధమాడాననీ చెప్పాను.

"తెలుసు సామీ. ఆ సందకాడే మా మరిది నవ్వుకుంటా చెప్పినాడు" అంది.

"తెలిసీ ఎందుకు రాలేదమ్మా?"

"రెండు తూర్లు వస్తి. తాడు దాటొద్దని మీరే అంటిరి. నా వల్ల ఆ జబ్బు మీకెవురికన్నా అంటుకొంటే ఎట్ల అని తిరిగిపోతి."

నా కట్టడిని నాకంటే ఆమే నిజాయితీగా పాటించింది. అక్కడే నిలబడి ఏడ్చాను.

మరునాడు ఆమె అర్జీతో పాటు నా వాంగ్మూలమూ పెట్టాను. మున్సీఫ్ గారు దాన్ని రెండుసార్లు చదివారు. కోర్టు మూయలేదు, తాడూ తీయించలేదు. ఇక మీద తాడు దగ్గరికి పోయి పిలవమని పిళ్ళప్పతో చెప్పారు, అంతే. నన్ను మాత్రం వచ్చే నెల నుంచి నకళ్ళు రాసే పనికి చిక్కబళ్ళాపురం పంపిస్తున్నారు.

అర్జీ నిన్న విచారణకు వచ్చింది. మరిది తరఫు ప్లీడరు లేచి, "నువ్వు ఆ పొద్దు అసలు రానేలేదు. వచ్చినావని చూసినోళ్ళు ఎవరుండారు?" అని అడిగాడు.

చౌడమ్మ నావైపు చెయ్యి చూపించింది.

"ఆ సామి చూసినాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు."

నేను తల ఎత్తలేకపోయాను. దావా మళ్ళీ విచారణకు తీసుకున్నారు.

నీ వాసుదేవమూర్తి