బ్రేకు మీద బావ కాలు

డోరీన్ అక్కకు,

మీ ఆయన గొంతు బొంగురుపోయిందని కంగారుపడకు, కారణం నేనే. మలుపు తిరిగితే చాలు, నా పాత కారు టకటకమంటోంది. తుక్కుకు వేసి కొత్తది కొనమన్నాడు షెడ్డు యజమాని. మనచేత కొనిపించడమే వీళ్లకు తెలిసిన మరమ్మతు! ముందు చక్రాలను తిప్పే యాక్సిళ్లు రెండూ అరిగాయి, అంతే. కారు లేకపోతే మంగళవారం మా వీధి ముసలివాళ్లను పోలింగుకు ఎవరు తీసుకెళ్తారు?

అందుకే వాటిని నేనే మార్చడానికి కూర్చున్నాను. చక్రం తిరగకుండా బావ బ్రేకు తొక్కాడు, నేను నట్టు విప్పుతున్నాను. నేను యూనియన్ల మాటెత్తగానే "నువ్వూ నీ యూనియన్లూ!" అని బ్రేకు వదిలేసి లేచాడు. చక్రం తిరిగింది, నేను బురదలో పడ్డాను.

"తొక్కు బావా, తర్వాత తిట్టుకుందాం!"

కొత్త యాక్సిళ్లతో చర్చి ముందు గుండ్రంగా తిప్పి చూశాం. మా అరుపులు తప్ప వేరే చప్పుడు లేదు. మంగళవారం బావ కూడా నా కారులోనే వస్తాడట, నేను ఓటేసే పార్టీకి వ్యతిరేకంగా ఓటెయ్యడానికి. ముందు సీటు ఆయనకే ఉంచాను.

నీ చెల్లెలు