వీపు మీద కొక్కేలు

సంచౌంగ్ పేట

నాన్నా, నేను నీ భానుని.

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు. అరిచి చెప్పే మాట కాదిది, అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసే ఫ్రేముల కొట్టుకి ఒక హోటలు యజమాని కొన్ని బొమ్మలు తెచ్చాడు. ఐదువందల ఏళ్ల కిందట యూరప్‌లో చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితానికి అద్దిన బొమ్మల నకళ్లు. అన్నీ దేవుడి కోసం చిత్రహింసలు పడిన క్రైస్తవ సాధువులవే. ఒకదాంట్లో సాధువుని బల్ల మీద పడుకోబెట్టి, కడుపు కోసి, పేగుల్ని గిలకకి తాడు చుట్టినట్టు చుడుతున్నారు. చెక్కినవాడు ఆ పేగుల్ని ఎంతో ముద్దుగా చెక్కాడు. సాధువు ముఖంలో నొప్పే లేదు. ఆ యజమాని మాత్రం, భోంచేసేవాళ్లకి ఎదురుగా పెడితే అందరూ చూస్తారని బంగారు రంగు ఫ్రేము ఎంచుకున్నాడు.

ఆ బొమ్మలో సాధువు చుట్టూ ఉన్న గుంపులో ఒకడు పిల్లని భుజానికెత్తుకుని చూపిస్తున్నాడు. నా చెయ్యి అక్కడ ఆగిపోయింది. అమ్మవారి జాతరలో నువ్వు వీపుకి కొక్కేలు గుచ్చుకుని రథం లాగుతుంటే, గోవిందు చిన్నాన్న నన్ను అలాగే ఎత్తుకున్నాడు. నీ చర్మం కొక్కేల దగ్గర సాగి పైకి లేచింది. పసుపూ, నిమ్మరసం, నెత్తురూ కలిసి నడుం మీదికి కారుతున్నాయి. నేను వాంతి చేసుకుంటే, అమ్మవారు పూనిందన్నారు ఆడవాళ్లు. పసితనంలో నాకు జ్వరం తగ్గినందుకే ఈ మొక్కని అమ్మ ఏటేటా చెబుతూనే ఉంటుంది. అసహ్యం వేసేది నాన్నా. నీ మీద, ఆ వాసన మీద, బతికి ఉన్నందుకు నా మీద.

ఈసారి నా పేరు చెప్పి కొక్కెం గుచ్చుకుంటే, ఇక నేను మీ గుమ్మం తొక్కను.

నీ కూతురు,
భానుప్రియ


అహ్లోన్ రేవు పేట

అమ్మా భానూ,

నీ కాయితం సదివాను. మీ అమ్మకి సదివి ఇనిపించలేదు.

జొరం మాట నిజమే. ఆ మొక్కు మొదటి ఏడే తీరిపోనాది. తరవాత ఎందుకు గుచ్చుకుంతన్నావని నన్నెవులూ అడగలేదు. మీ అమ్మ నీ కోసమే అంది. నాను కాదన్లేదు.

రేవులో బస్తాలు మోసినన్నాళ్లూ నన్ను పేరెట్టి పిలిసినోడు లేడు. జాతరనాడు మాత్రం, రోజూ తిట్టే మేస్త్రీ కూడా నా కాళ్ల మీద నీళ్లు పోసి దండం ఎట్టీవోడు. అమ్మోరి దయ, నొప్పి తెలీదని అందరితో అనీవోణ్ని. తెలుస్తాది. శానా తెలుస్తాది. జనం సూస్తన్నారని ఓర్సుకునీవోణ్ని.

నీకు అసయ్యం ఏసిందన్నావు. ఎయ్యాల్సిందే. నువ్వు కక్కుకోడం ఆ దినం నానూ సూసాను. సూసీ రథం ఆపలేదు.

ఈ ఏడూ లాగుతాను. మానడం నా వల్ల కాదు. నువ్వు రావద్దు. ఎవుల కోసమని పూజారి అడుగుతాడు కదా, నా కోసమే అని సెప్తాను.

మీ నాన్న,
దండాసి