సైరన్ అల్లుడు

మార్చి 9, సోమవారం

పొద్దున స్వెట్టర్, మధ్యాహ్నం ఫ్యాను, సాయంత్రం రెయిన్‌కోటు. ఈ మైదానాల్లో వసంతం అంటే ఇంతే. స్వెట్టరూ రెయిన్‌కోటూ సంచిలో కుక్కుకుని డ్యూటీకి పోతున్నాను. ఫ్యాను ఒక్కటే కుక్కలేకపోతున్నాను.

పోయిన నెల పిడుగుకి టవర్ మీద కరెంట్ సైరన్ మోటార్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా పాత చేతి సైరనే దిక్కు. గాలివాన వస్తోందని రాడార్ ఆఫీసు నుంచి ఫోన్ రాగానే నేను హ్యాండిల్ తిప్పాలి, ఊరంతా ఇళ్ల కింద గదుల్లోకి దిగాలి. కాసేపు తిప్పడం, కాసేపు ఆపడం, మళ్లీ తిప్పడం. అది రూలు.

ఇవాళ ఫోన్ వచ్చింది, తిప్పాను, ఊరు దిగింది. గాలివాన పక్కకి తిరిగి దాని దారిన అది పోయింది. మా వీధిలో నాలుగు చినుకులు కూడా పడలేదట.

మార్చి 11, బుధవారం

మళ్లీ తిప్పాను. మళ్లీ ఏమీ లేదు.

ఇంటికెళ్తే అత్తగారు పలకరించలేదు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మా కింద గది మెట్లు నిటారుగా ఉంటాయి. ఒకసారి దిగి ఎక్కితే రెండు రోజులు మంచమే. అల్లుడి ఉద్యోగం తన మోకాళ్ల మీద నడుస్తోందని పక్కింటావిడతో అన్నారట. వీధిలో నాకు సైరన్ అల్లుడని పేరు కూడా పడిందట.

మార్చి 18, బుధవారం

మూడోసారి. చుక్క లేదు. ఎండ కాసింది!

అత్తగారు ప్రకటించేశారు, ఇక దిగరట. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడతారు, చేత్తో తిప్పే మిషన్ మీద. ఊళ్లోవాళ్ల బట్టలు సగం కుట్టినవి వదిలేసి వచ్చేది లేదన్నారు. పిడుగు పడితే తన నెత్తినే పడనీ, అల్లుడుగారి మాట విని కుంటిదాన్నయ్యాననే బాధైనా ఉండదన్నారు. కోపం వస్తే నేను ‘గారు’ అయిపోతాను.

నేనూ మా ఆవిడా నవ్వుకున్నాం. తర్వాత వంటింట్లో తను మెల్లిగా చెప్పింది. నిజంగా వస్తే నేను టవర్ మీద ఉంటాను, అమ్మని తనొక్కతే మోయలేదు, వదిలేసి దిగలేదు. అప్పటినుంచి నాకు నవ్వు రావడం లేదు.

మార్చి 26, గురువారం

లంచం పెట్టి చూశాను. మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ బిగించాను. కింద గదిలో మెత్త కుర్చీ వేశాను. అత్తగారు వచ్చి, పైనుంచే చూసి, కుర్చీ బాగుందని మెచ్చుకుని, పైకి తెప్పించుకున్నారు. ఇప్పుడది మిషన్ దగ్గరుంది.

ఏప్రిల్ 3, శుక్రవారం

వడగళ్లు. ఒక్కొక్కటి నిమ్మకాయంత. ఈసారి సైరన్ నిజమే అయింది కానీ అత్తగారు మిషన్ దగ్గర్నుంచి కదల్లేదట. వాన తగ్గాక ఒక వడగల్లు ఏరి, నీళ్ల గ్లాసులో వేసి, అల్లుడుగారు పంపించింది ఇదేనా అని నాకు పంపారు. తాగాను. చల్లగా ఉంది.

రెయిన్‌కోటు చిరిగిన జేబు కుట్టేసి ఉంది. నేను ఎవరికీ ఇవ్వలేదు, ఎవర్నీ అడగలేదు. మాటల్లేవు గానీ కుట్లు మాత్రం పడుతున్నాయి. ఈ మనిషిని ఏం చేసుకోవాలి?

ఏప్రిల్ 14, మంగళవారం, మధ్యాహ్నం 3

ఆకాశం ఆకుపచ్చగా ఉంది, పెద్ద గాలి వచ్చే ముందు రంగు. ఫోన్ డెడ్. తిప్పడానికి వెళ్తున్నా.

ఏప్రిల్ 15, బుధవారం

అరచేతుల నిండా బొబ్బలు. పెన్ను నిలవడం లేదు. అయినా రాయాలి.

టవర్ మీద నుంచి చూశాను. నల్లటి సుడిగాలి, నేల మీద కాలూని, మా వీధి వైపు వస్తోంది. ఇంతకుముందు వచ్చిన గాలివానలన్నీ నాకు డ్యూటీ. ఇదొక్కటీ మా ఇంటికి వెళ్తోంది. మెత్త కుర్చీ కళ్లముందు కనబడింది. దాన్ని కొన్నవాణ్ణి నేనే కదా అనుకున్నాను. రూలు మర్చిపోయాను. ఆపలేదు. చేతులు ఊడినా సరేనని తిప్పుతూనే ఉన్నాను.

గాలి దాటగానే పరిగెత్తాను. వంటింటి పైకప్పు లేదు. మిషన్ వీధిలో వెల్లకిలా పడుంది. కుర్చీ జాడే లేదు. అత్తయ్యా అని అరిచానట. ముందు పెళ్లాన్ని కదా పిలవాలి, మా ఆవిడ జన్మంతా దెప్పుతుంది. నేల కిందనుంచి అత్తగారి గొంతు వచ్చింది, తనేమీ చెవిటిది కాదని.

కింద ఇద్దరూ గోడకి ఆనుకుని కూచుని ఉన్నారు. సంగతంతా మా ఆవిడ చెప్పింది. మొదట సైరన్ మోగితే అమ్మ తలెత్తలేదట. ఎంతకీ ఆగకపోయేసరికి మిషన్ చక్రం మీద చెయ్యి ఆపి విన్నారట. రోజూ తిప్పేది ఉద్యోగం, ఇవాళ తిప్పేది మన అబ్బాయి, పిల్లాడు హడలిపోయాడు, పదవే అన్నారట. కూతురి చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ కూలబడుతూ దిగారట. చక్రం తిప్పే చెయ్యి నెమ్మదిగా ఉందో కంగారుగా ఉందో ఆవిడకొకరు చెప్పాలా?

మెట్ల మీదే కూచుని ఏడ్చాను. పక్కింటాళ్లు చూస్తున్నారు, ముక్కు తుడుచుకో అబ్బాయ్ అన్నారు అత్తగారు. నా అరచేతులకి మందు రాసి, పాత చీర చింపి కట్టారు. ముడి మరీ గట్టిగా వేశారు. విప్పబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 18, శనివారం

మిషన్ బాగయింది, మోకాళ్లు కాలేదు. ఆవిడ మంచం మీద, మిషన్ మంచం పక్కన.

ఆఫీసర్ మెమో పంపాడు. ఆపకుండా ఎందుకు తిప్పానో కారణం రాయాలట. చాలాసేపు ఆలోచించి, భయపడ్డాను అని రాసిచ్చాను.

ఏప్రిల్ 29, బుధవారం

కొత్త మోటార్ వచ్చింది. చేతి సైరన్‌ని కిందికి దించారు. చివరిసారి టెస్ట్ అని మైకులో చెప్పించి, నా భుజం పట్టుకుని టవర్ దాకా వచ్చిన అత్తగారికి హ్యాండిల్ ఇచ్చాను. ఎప్పుడూ తిప్పేవాణ్ణి నేనే కాబట్టి, దూరంనుంచి ఒక్కసారీ విన్నది లేదు. వీధి చివరిదాకా నడిచి వెళ్లి నిలబడి, ఆవిడ తిప్పుతుంటే విన్నాను.

ఇంటికి వెళ్లిపోవాలనిపించింది.